మోడు కనిపిస్తే చచ్చిందనుకోవద్దు
తురాయి చెట్టును గుర్తుపట్టడం ఎలా?

నందికొట్కూరు దాటి ఆత్మకూరు వైపు పోయే రోడ్డు మీద నుంచి ఒక పల్లెకు మట్టిబాట చీలుతుంది. ఆ బాట పక్కన ముళ్ళకంప కట్టిన మొక్కలు వరసగా వున్నాయి. మూడేళ్ళ కిందట నాటినవి. మాఘమాసంలో ఒకరోజు, ఎండ అప్పుడే చురుక్కుమంటున్న వేళ నేను అక్కడికి పోయేసరికి ఆ వరసలో ఒక్క చెట్టుకూ ఒక్క ఆకు లేదు. బూడిదరంగు కట్టెలు పాతినట్టున్నాయి. వాటి ముందు ఏడెనిమిది మంది ఆడకూలీలూ, చేతిలో పుస్తకంతో లెక్క చూడవచ్చిన ఒక ఉద్యోగీ నిలబడి వాదులాడుకుంటున్నారు.

"పుస్తకంలో కానుగ అని రాసి వుంది. కానుగకు నెలరోజులుగా ఆకు లేదంటే చచ్చినట్టే. చచ్చిన మొక్కకు నీళ్ళు పోశారని నేనెట్లా రాసేది?" అంటున్నాడాయన.

"సచ్చిపోయినాయని నువ్వంటాండావు సారూ. బిందెలతో నీళ్ళు మోసినోళ్ళం మేము. మా మొక్క బతికుండాదో సచ్చిందో మాకు తెల్దా?" అంది వాళ్ళలో పెద్దామె.

అంతటితో ఆగకుండా ఆమె ముళ్ళకంప పక్కకు జరిపి, కొడవలి మొనతో ఒక మొక్క బెరడును గింజంత మేర గీకింది. లోపల పచ్చగా, తడిగా కనిపించింది. "సూడు, ఇది సచ్చిన కట్టెనా?" అని అడిగింది.

ఆ ఉద్యోగి చెడ్డవాడేమీ కాదు. ఆయన చేతిలోని పుస్తకంలో చెట్టు పేరు తప్పుగా వుంది. ఆ తప్పు ఆధారంగా ఆయన తీర్పు చెప్పబోయాడు. ఆ తీర్పు వల్ల పోయేది మాత్రం ఆయన జీతం కాదు, ఆ కూలీల కూలి. ఏ పథకం, ఏ ఆఫీసు అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఇట్లాంటి పేచీ ఎక్కడైనా రావచ్చు. అందుకని ఈ వారం ఒక్క చెట్టు గురించే మాట్లాడుకుందాం. అది ఎర్రపూల తురాయి చెట్టు. పట్నంలో గుల్‌మొహర్ అంటారు.

పేరులోనే వుంది పేచీ

ఆ మొక్కలు కానుగ కావు. నర్సరీలో పొరపాటు జరిగిందో, రాసేటప్పుడు పొరపాటు జరిగిందో గాని నాటింది తురాయి, రాసింది కానుగ. ఈ రెంటికీ బతికే తీరు వేరు.

కానుగ కూడా ఆకు రాలుస్తుంది. కాని పాతాకు రాలుతుండగానే కొత్త చిగురు మెరుస్తూ వచ్చేస్తుంది. నెలల తరబడి బోడిగా నిలబడి వుండదు. తురాయి అట్లా కాదు. అది ఆకురాల్చే జాతి. వానలు బాగా పడి, నేలలో తడి ఎప్పుడూ వుండే చోట అది ఏడాదంతా కొంత ఆకుతోనే వుంటుంది. మన రాయలసీమ లాంటి మెట్టప్రాంతంలో మాత్రం చలికాలం పోయే సరికి ఆకు పండి రాలడం మొదలుపెడుతుంది. మాఘ ఫాల్గుణాల్లో చెట్టు మోడైపోతుంది. చైత్రంలోనో వైశాఖంలోనో మోడు మీదనే ఎర్రటి పూలు విరగబూస్తాయి. పూలతో పాటో, పూల వెనకనో చిగురు వస్తుంది. మేడే నాటికి ఊరు ఊరంతా ఎర్రగా కనిపించేది ఈ చెట్టు వల్లనే.

చెట్టు ఆకు ఎందుకు రాలుస్తుంది? రోగం వచ్చి కాదు, నీళ్ళ పొదుపు కోసం. చెట్టు వేళ్ళతో తాగిన నీళ్ళలో చాలా భాగం ఆకుల సందుల్లోంచి ఆవిరై పోతుంది. నేలలో తడి తగ్గినప్పుడు ఆకులన్నీ వుంచుకుంటే చెట్టు నిలువునా ఎండిపోతుంది. అందుకని ఆకుకాడ మొదట్లో ఒక పొర ఏర్పడి, ఆకు వూడిపోతుంది. వూడిన చోట గాయం మానినట్టు మచ్చ పడుతుంది. కరువు వచ్చినప్పుడు మన ఇళ్ళల్లో ఒకపూట గంజి తాగి రోజు గడిపినట్టు, చెట్టు కూడా ఖర్చు తగ్గించుకుని కాలం గడుపుతుంది.

ఈ సంగతి తెలియని మనిషి మోడును చూసి చచ్చిందని రాస్తాడు. ఇంకొకడు పొయ్యిలోకి పనికొస్తుందని గొడ్డలి వేస్తాడు. మోడు కనపడగానే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి: దీనిలో ప్రాణం వుందా? రెండు: ఇది ఏ చెట్టు?

ప్రాణం వుందో లేదో చూసే తీరు

ఆ పెద్దామె చేసిందే మొదటి పరీక్ష. సన్నటి కొమ్మ మీద గోరుతోగాని, కొడవలి మొనతోగాని కొద్దిగా గీకాలి. పైపొర కింద పచ్చగా, చెమ్మగా వుంటే ఆ కొమ్మ బతికే వుంది. గోధుమరంగులో పొడిగా వుంటే ఆ కొమ్మ చచ్చింది.

ఒక్కచోట గీకి తీర్పు చెప్పకూడదు. కొన తుద ఎండిపోయినా కింద ప్రాణం వుండొచ్చు. కొన దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు కిందికి దిగుతూ చూడాలి. చివరికి నేల దగ్గర కాండం మొదట్లో చూడాలి. అక్కడ పచ్చదనం వుంటే వాన పడ్డాక మొదటి నుంచైనా ఇగురు వేస్తుంది. అక్కడా పొడిగా, బెరడు వూడొస్తూ వుంటే ఆ మొక్క పోయినట్టే. గీకడం గింజంత చాలు. కాండం చుట్టూ ఉంగరం మాదిరి బెరడు తీస్తే బతికున్న చెట్టును మనమే చంపినవాళ్ళమవుతాం.

రెండో పరీక్ష సన్నపుల్లను వంచి చూడడం. బతికిన పుల్ల కొంత వంగుతుంది, విరిగితే లోపల తడి కనిపిస్తుంది. చచ్చిన పుల్ల టప్పున విరిగి పొడి రాలుతుంది. అయితే తురాయి కట్టె స్వభావం వల్లనే పెళుసు. కాబట్టి ఈ ఒక్క పరీక్ష మీదనే ఆధారపడొద్దు.

మూడోది కొమ్మ కొనలు చూడడం. బతికున్న కొమ్మ చివర, రాలిన ఆకుల మచ్చల పైన చిన్న చిన్న మొగ్గలు బిగుసుకుని వుంటాయి. వేలితో తడిమితే తెలుస్తుంది. అవి వచ్చే చిగుళ్ళు.

ఆకు చెప్పే సాక్ష్యం

ప్రాణం వుందని తేలాక చెట్టు ఏదో తేల్చాలి. ఆకులు రాలిపోయాయి కదా, ఎట్లా తేల్చేది? ఆరోజు మేము ముళ్ళకంప కింద వెతికాం. గాలికి కొట్టుకొచ్చి కంపలో ఇరుక్కున్న ఎండు ఈనెలు దొరికాయి. ఒక మొక్కకు నీడపట్టున రెండు పండుటాకులు ఇంకా వేలాడుతున్నాయి. అవే సాక్ష్యం.

తురాయి ఆకు చూడడానికి ఈక మాదిరి వుంటుంది. మనం ఒక్క ఆకు అనుకునే సన్నటి రెబ్బ నిజానికి ఆకు కాదు, ఆకులో ఒక చిన్న తునక. మొత్తం ఆకు మూరెడు పొడవు దాకా వుంటుంది. నడుమ ఒక పెద్ద ఈనె. దానికి అటూ ఇటూ జతలు జతలుగా పిల్ల ఈనెలు, పది పన్నెండు జతల నుంచి ఇరవై జతల దాకా. ప్రతి పిల్ల ఈనెకూ మళ్ళీ అటూ ఇటూ ఇరవై ముప్పై జతల చిట్టి రెబ్బలు. ఒక్కొక్క రెబ్బ బియ్యపు గింజకంటే కొంచెం పెద్దది, కొన గుండ్రంగా వుంటుంది. ఇట్లా రెండుసార్లు చీలిన ఆకును వృక్షశాస్త్రంలో ద్విపిచ్ఛాకార సంయుక్త పత్రం అంటారు. పేరు పెద్దది గాని సంగతి చిన్నదే: ఈకలో ఈక.

కానుగ ఆకులో ఇదేమీ లేదు. ఒక ఈనెకు ఐదో ఏడో పెద్ద ఆకులు, ఒక్కొక్కటి వేళ్ళంత పొడవు, నున్నగా మెరుస్తూ వుంటాయి. ఒక్క ఎండుటాకు చేతిలో వుంటే చాలు, తురాయిని కానుగ అని ఎవరూ అనలేరు.

ఇంకో గట్టి గుర్తు వుంది. తురాయి ఆకుకాడ కొమ్మను పట్టుకున్న చోట, కాడ మొదలు కొంచెం వుబ్బి వుంటుంది. దాని రెండు పక్కలా రెండు చిన్న ఈకలు మొలుస్తాయి. వీటిని పుచ్ఛాలు అంటారు. చాలా చెట్లకు ఇవి ముల్లు మాదిరో, చిన్న పొలుసు మాదిరో వుండి రాలిపోతాయి. తురాయికి మాత్రం ఇవి కూడా చీలిన చిట్టి ఆకుల మాదిరే వుంటాయి. పూత కాయ లేని లేతమొక్కను గుర్తుపట్టాలంటే ఇంతకంటే మంచి గుర్తు లేదు. నర్సరీలో మొక్క తీసుకునేటప్పుడే ఇది చూసుకుంటే తర్వాత గొడవ వుండదు.

ఆకులు కొమ్మ మీద ఎట్లా వున్నాయో కూడా చూడాలి. తురాయికి ఒకటి ఈ పక్క, ఒకటి పైకి పోయి ఆ పక్క, ఇట్లా మార్చి మార్చి వుంటాయి. ఆకు రాలినా మచ్చలు అదే వరసలో మిగులుతాయి. కాబట్టి పూర్తి మోడు మీద కూడా ఈ గుర్తు దొరుకుతుంది.

పువ్వు: నాలుగు ఎరుపు, ఒకటి చుక్కలది

పెద్ద చెట్టయితే పువ్వే చెబుతుంది. కొమ్మల చివర గుత్తులుగా పూస్తుంది. ఒక్కో పువ్వు ఇంచుమించు అరచేయంత. కింద ఐదు మందపాటి రక్షకపత్రాలు, బయట పచ్చగా లోపల ఎర్రగా వుంటాయి. చిన్నప్పుడు వాటిని చీల్చి గోళ్ళకు అతికించుకుని తిరగని పిల్ల మన పల్లెల్లో వుండదు.

వాటి లోపల ఐదు రేకలు. నాలుగు ఎర్రగా, గరిటె మాదిరి వుంటాయి. ఐదోది వాటికంటే కాస్త పెద్దది, నిటారుగా నిలబడుతుంది. దాని మీద తెలుపో పసుపో వుండి, ఎర్రచుక్కలూ గీతలూ వుంటాయి. రేక మొదలు సన్నగా, పొడవుగా గోరు మాదిరి వుంటుంది. ఈ చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు డెలోనిక్స్ రీజియా. డెలోనిక్స్ అంటే గ్రీకు భాషలో స్పష్టంగా కనిపించే గోరు అని అర్థం. రేకల మొదలు చూసి పెట్టిన పేరు అది.

నడుమ పది పొడుగాటి కేసరాలు వంగి వుంటాయి. వాటిని కొక్కెం వేసి లాగి, ఎవరి తల తెగితే వాళ్ళు ఓడినట్టు పిల్లలు కోడిపందేలు ఆడేది వీటితోనే. పంతుళ్ళు బడిలో కేసరం, పుప్పొడితిత్తి అని చెప్పకముందే మన పిల్లలు చెట్టు కింద ఈ పాఠం నేర్చుకున్నారు.

కాయ: మూర, జాన, వేలు

మోడు మీద పూలు లేవు, ఆకు లేదు. కాని ఎదిగిన తురాయి మోడు మీద కాయ వుంటుంది. గట్టిగా చెక్కలాగా, ముదురు గోధుమరంగులోనో నల్లగానో, కత్తి ఒర మాదిరి వేలాడుతూ నెలల తరబడి రాలకుండా వుంటుంది. చూసేవాడికి ఇంతకంటే సులువైన గుర్తు లేదు.

టేపులూ స్కేళ్ళూ మనకు అక్కరలేదు. మన చేతులే కొలబద్దలు. మూరెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు, కట్టెలాగా గట్టి కాయ అయితే అది ఎర్రతురాయి. కాయ లోపల అడ్డగా గూళ్ళు వుంటాయి, గూటికొక గింజ.

జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు, పలచగా బల్లపరుపుగా వుంటే అది ఇంకో చెట్టు. తెల్లపూల సుంకేసుల. దీన్నే వాతనారాయణ అని కూడా అంటారు.

వేలెడు పొడవు మాత్రమే వుండి, రాగిరంగులో పలచగా, అంచులు రెక్కల మాదిరి వుంటే అది పచ్చపూల తురాయి. కొండచింత అని కూడా పిలుస్తారు.

జానెడు వుండి, గడ్డిరంగులో కాగితం మాదిరి పలచగా వుండి, గాలి వీచినప్పుడల్లా గలగలమంటుంటే అది దిరిసెన.

పోలికలున్న చెట్లు, తేడాలు

ఈ నాలుగూ చిక్కుడు కుటుంబానివే. దూరం నుంచి ఆకులన్నీ ఒకటే మాదిరి కనిపిస్తాయి. అందుకే ఇంకొంచెం వివరంగా చూద్దాం.

సుంకేసుల చెట్టు మనకు బాగా తెలిసిన పేరు. తుంగభద్ర మీద కర్నూలు-కడప కాలువ మొదలయ్యే ఊరి పేరూ సుంకేసులే. ఆ కాలువ నందికొట్కూరు ప్రాంతపు పొలాల మీదుగానే పోతుంది. 1863-1870 మధ్య మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ దాన్ని తవ్వించింది. కంపెనీకి గిట్టుబాటు కాకపోతే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఆ సుంకేసుల పేరే ఈ చెట్టుకూ వుంది. శాస్త్రంలో డెలోనిక్స్ ఎలాటా. అంటే ఎర్రతురాయికి వరసకు చెల్లెలే.

సుంకేసుల ఆకు తురాయి ఆకుకంటే పొట్టిది, రంగు కొంచెం బూడిద కలిసినట్టుంటుంది. పువ్వు విచ్చినప్పుడు తెల్లగా వుంటుంది, పై రేక ఒకటి పసుపు. మర్నాటికి రేకలన్నీ రంగుమారి మామిడిపండు చాయకు వస్తాయి. కేసరాలు చాలా పొడవుగా బయటికి సాగి వుంటాయి. చేలగట్ల మీద దీన్ని పెంచి ఆకును పచ్చిరొట్ట ఎరువుగా తొక్కడం దక్షిణాదిలో పాత అలవాటు. కీళ్ళనొప్పులకు ఈ ఆకు వుడికించి కాపడం పెట్టడం, వండుకు తినడం కూడా పల్లెల్లో వుంది.

గుర్తులు తెలియడం ఇక్కడ మరీ అవసరం. నడుములు విరిగేలా నాట్లు వేసి, కలుపు తీసి ఇంటికొచ్చిన ఆడకూలీలు ఎవరో చెప్పారని ఆకు తెంపుకొస్తారు. సుంకేసుల అనుకుని తురాయి ఆకు తేవచ్చు. పేరు ఊరూరికీ మారుతుంది. ఒక ఊళ్ళో సుంకేసుల అన్నదాన్ని ఇంకో ఊళ్ళో తురాయి అంటారు. కాని తెల్లపువ్వు, జానెడు కాయ అనే గుర్తులు మారవు. గుర్తు తేలని ఆకు కడుపులోకి పోనివ్వకండి. నొప్పి నెలల తరబడి వుంటే ఆకుతో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోండి. తురాయి గింజలు కూడా పిల్లలను తిననివ్వొద్దు.

పచ్చతురాయి, అంటే కొండచింత, ఎండాకాలంలో పసుపుపూలు పూస్తుంది. పూలగుత్తులు నిటారుగా పైకి నిలబడతాయి. మొగ్గల మీద తుప్పురంగు నూగు వుంటుంది, లేతకొమ్మల మీద కూడా అదే నూగు. తురాయి లేతకొమ్మలు పచ్చగా వుంటాయి, తుప్పురంగు వుండదు.

దిరిసెన ఆకు కూడా ఈకలో ఈకే. కాని పిల్ల ఈనెలు రెండు మూడు నాలుగు జతలే, వాటి మీది రెబ్బలు పెద్దవి. చింతాకు కంటే చాలా పెద్దవిగా వుంటాయి. పువ్వు రేకలు కనపడని కుచ్చు మాదిరి, లేత పసుపు కలిసిన తెలుపు. దిరిసెన మనదేశపు చెట్టు. కట్టె గట్టిది, ఆకు గొడ్లకు మేత.

పట్నాల్లో ఊదాపూల జకరండా కూడా కనిపిస్తుంది. దాని ఆకు అచ్చం తురాయి ఆకులాగే వుంటుంది. కాని చిక్కుడు కుటుంబం కాదు. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా పుడతాయి. పువ్వు గొట్టం మాదిరి, కాయ గుండ్రటి బిళ్ళ మాదిరి వుంటుంది. మోడుగా వున్నప్పుడు కూడా మచ్చలు ఎదురెదురుగా వుంటే తురాయి కాదని చెప్పేయొచ్చు.

ఇళ్ళ ముందు పొదలాగా పెరిగే రత్నగంధినీ కొందరు తురాయి అనే అంటారు. అది తలకు మించి కొంచెం ఎత్తే పెరుగుతుంది, కొమ్మలకు ముళ్ళుంటాయి. ఎర్రతురాయికి ముల్లు వుండదు.

చెట్టు రూపం కూడా చూడండి. తురాయి పది పదిహేను మీటర్లకు మించి అరుదుగా పోతుంది గాని, గొడుగు పట్టినట్టు అడ్డంగా పరుచుకుంటుంది. బెరడు బూడిదరంగు, ఇంచుమించు నున్నగా, చిన్న చిన్న చుక్కలతో వుంటుంది. ముసలి చెట్టు మొదట్లో వేళ్ళు పలకల మాదిరి పైకి లేస్తాయి.

యాడ పుట్టింది, యాడికొచ్చింది?

తురాయి మన చెట్టు కాదు. ఆఫ్రికా పక్కన హిందూ మహాసముద్రంలో వున్న మడగాస్కర్ దీవి దాని పుట్టిల్లు. 1820ల చివర్లో బోయర్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ దీన్ని చూశాడు. మారిషస్ దీవికి చేరి, అక్కడ నుంచి ఓడల మీద వేడి దేశాలన్నిటికీ పాకింది. వలస పాలకుల బంగళాల ముందు, కంటోన్మెంట్లలో, రోడ్ల పక్కన అందం కోసం నాటారు. ఇవాళ ప్రపంచంలో ఎన్నో వూళ్ళలో అది సొంత చెట్టయిపోయింది. దాని సొంత గడ్డ మీద మాత్రం బొగ్గుకోసం అడవులు నరికేయడం వల్ల అడవి తురాయి తగ్గిపోయింది.

అందం కోసం వచ్చిన చెట్టు కాబట్టి మనకు అక్కరలేదని నేననను. మన జనం దానికి తలపాగా మీది తురాయి పేరు పెట్టుకున్నారు. ఎర్రటి ఎండలో ఆ రంగు కంటికి ఎంత హాయి! అయితే ఆకురాల్చి అందంగా పూసే చెట్లు మనకూ వున్నాయి. నల్లమల అంచుకు పోతే మాఘఫాల్గుణాల్లో మోడు మీద మండిపోయే మోదుగ వుంది. విస్తళ్ళకు ఆకు కూడా ఇస్తుంది. వేసవిలో బంగారు గొలుసులు వేలాడేసినట్టు పూసే రేల వుంది.

ఎక్కడ నాటాలి, ఎక్కడ వద్దు

గుర్తుపట్టడం నేర్చుకున్నాక, ఆ చెట్టు దేనికి పనికొస్తుందో కూడా తెలియాలి.

తురాయి త్వరగా పెరుగుతుంది. ఎండను తట్టుకుంటుంది. నీడ విశాలంగా ఇస్తుంది. కాని ఎండ మండిపోయే మాఘం నుంచి చైత్రం దాకా ఆ నీడ వుండదు. బస్సుకోసం నిలబడే చోట, కూలీలు అన్నం తినే చోట ఏడాదంతా నీడ కావాలంటే వేప, కానుగ మేలు.

దాని వేళ్ళు లోతుకు పోవు, పైపైనే పాకుతాయి. ఇంటి గోడకు, బావి గట్టుకు, కాలువ గట్టుకు దగ్గరగా నాటొద్దు. చేలో నాటితే ఆ నీడలో, వేళ్ళ పోటీలో పైరు ఎదగదు. చిక్కుడు కుటుంబమే అయినా వేళ్ళకు బుడిపెలు కట్టి నేలకు నత్రజని ఇచ్చే గుణం దీనికి లేదు. చేలగట్టుకు కానుగ, గ్లైరిసిడియా లాంటివి మంచివి. ఆకు కోసి మడికి తొక్కుకోవచ్చు.

కట్టె పెళుసని చెప్పాను. వైశాఖంలో గాలివాన వచ్చినప్పుడు తురాయి కొమ్మలు వూరికే విరిగి పడతాయి. పొలాల్లో పనిచేసేవాళ్ళు వాన గాలి రేగగానే తలదాచుకోవడానికి దీని కిందికి పరుగెత్తొద్దు. అసలు పిడుగుల వేళ ఏ చెట్టు కిందా నిలబడొద్దు.

మొక్క పెంచుకోవాలంటే గింజ చాలు. కాని గింజ తోలు రాయి మాదిరి గట్టిది. ఉత్తినే నాటితే నెలలు గడిచినా మొలవదు. బాగా కాగిన నీళ్ళు పొయ్యి మీద నుంచి దించి, అందులో గింజలు వేసి, ఆ నీళ్ళు చల్లారేదాకా రాత్రంతా వుంచాలి. లేదంటే గింజ ఒక పక్క రాతి మీద కొద్దిగా అరగదీసి నానబెట్టాలి. అప్పుడు త్వరగా మొలుస్తుంది.

పెద్ద చెట్టు అడ్డమైందని గొడ్డలి వేసే ముందు ఒక్క సంగతి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. "మోడైపోయింది, ఎండిపోయింది" అని చెప్పి బతికున్న తురాయిని కొట్టేసేవాళ్ళు వుంటారు. అట్లాంటి చోట ఊరివాళ్ళే ముందుకొచ్చి బెరడు గీకి చూపించాలి.

ఆ మొక్కల సంగతి ఏమైంది?

ఆరోజు ఆ ఉద్యోగికి ఎండు ఈనెలు చూపించాం. కాడ మొదట్లోని చిట్టి ఈకలు చూపించాం. పక్కఊరి బడి ముందున్న పెద్ద తురాయి కాయ ఒకటి తెప్పించి చేతిలో పెట్టాం. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేను రాసింది కొట్టేయడానికి నాకు అధికారం లేదు. కాని వానలు పడ్డాక మళ్ళీ లెక్క చూడాలని రాస్తాను" అన్నాడు. కూలీలు ఒప్పుకోలేదు. ఇవాళ ఏ మొక్క బెరడు పచ్చగా వుందో, ఏది ఎండిందో ఒక కాగితం మీద రాయించి, ఊరి పెద్దలతో పాటు ఆయన చేతా సంతకం పెట్టించుకున్నారు. మొక్క మొక్కకూ సున్నంతో నెంబరు వేశారు. వేసవి పొడవునా నీళ్ళు పోయడం మానలేదు.

జూన్‌లో నేను మళ్ళీ పోయాను. నాలుగు వానలు పడి వున్నాయి. వరస పచ్చగా వుంది. ముప్పై పైచిలుకు మొక్కల్లో ఐదు మాత్రమే నిజంగా చచ్చాయి. ఆ ఐదింటి నెంబర్లూ కూలీల కాగితంలో ఎండినవని ముందే రాసినవే.

"డబ్బులొచ్చినాయా అవ్వా?" అని అడిగాను.

"సగం వొచ్చినాయి నాయినా. తక్కిన సగానికి తిరుగుతాండాం. కాగితం వుండాది గదా, యాడికి పోతారు?" అంది ఆ పెద్దామె.

ఆమె మాటల్లో మనకందరికీ పనికొచ్చే పద్ధతి వుంది. చెట్ల పని ఒప్పుకునేటప్పుడు నాలుగు పనులు చేయండి. మొక్క దింపిన రోజే ఆకు, కాడ చూసి అది ఏ చెట్టో తేల్చుకోండి. పుస్తకంలో మనవాళ్ళు పిలిచే పేరే రాయించండి. అది ఆకురాల్చే చెట్టా కాదా అన్నది పక్కనే రాయించండి. ఆకురాల్చే జాతి అయితే చలికాలం ముందో, వానల తర్వాతో లెక్క చూడాలని మొదట్లోనే అడగండి. మోడుగా వున్నప్పుడు లెక్కకు వస్తే బెరడు గీకి చూడకుండా చచ్చిందని రాయనివ్వొద్దు.

చదువుకున్న యువకులు ఒక పని చేయొచ్చు. మీ ఊళ్ళో వున్న చెట్ల ఎండుటాకులు, కాయలు, విత్తనాలు ఒక్కొక్కటి తెచ్చి అట్టకు కుట్టి, పేరు రాసి, సంఘం ఆఫీసులోనో బడిలోనో గోడకు తగిలించండి. ఖర్చు లేదు. లెక్క చూసేవాడు వచ్చినప్పుడు ఆ అట్ట ముందు నిలబెట్టి మాట్లాడొచ్చు.

ఆ బాట పక్కన తురాయిలు ఇంకా పూతకు రాలేదు. ఇంకో రెండు మూడేళ్ళు పట్టొచ్చు. పూసిన రోజున అవి ఏ చెట్లో ఎవరూ అడగనక్కరలేదు. కాని కూలి అడగాల్సింది పువ్వు పూసేదాకా ఆగి కాదు. ఆకు రాలిన నాడే అడగాలి, అప్పుడే గుర్తు చూపించాలి.